బర్నబా సువార్త : నిజానిజాలు

క్రైస్తవ సోదరులతో మత విషయాలు మాట్లాడే అలవాటున్న మనవారి నోట తరచుగా వినవచ్చే మాట ఒకటి ఉన్నది. "అసలు ఇంజీల్ వేరే ఉందండీ, దాన్ని పోపుగారి లైబ్రరీలో దాచేశారు, అందులో మన ప్రవక్త (స) పేరు స్పష్టంగా ఉంది" అని. ఆ దాచిన గ్రంథం ఏమిటని అడిగితే బర్నబా సువార్త అంటారు. 2012లో టర్కీలో దీని 1500 ఏళ్లనాటి ప్రతి దొరికిందని ఒక వార్త పుట్టి, ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. ఆ తోలు పుస్తకం మీది వ్రాతను సిరియాక్ భాష వచ్చినవారు చదివితే, అది క్రీస్తు శకం 1500వ సంవత్సరంలో వ్రాసినట్లు తేలింది. 1500వ సంవత్సరం కాస్తా 1500 ఏళ్లు అయిపోయింది! మన కాలేజీ పిల్లలు దీన్ని నమ్మి స్నేహితులతో పందేలు కాస్తున్నారు గనుక, ఈ సువార్త చరిత్రను ఉన్నదున్నట్లు సభ్యుల ముందు పెట్టదలచుకున్నాము.

ముందుగా తెలియవలసింది, ఇది దాచిన పుస్తకం కాదు. ఇటాలియన్ భాషలోని వ్రాతప్రతి ఒకటి 1709 నాటికి ఆమ్‌స్టర్‌డామ్‌లో క్రామర్ అనే ఆయన దగ్గర ఉండేది. దానిని చూసిన జాన్ టోలండ్ 1718లో తన పుస్తకంలో దాని సంగతి వ్రాశాడు. 1713లో అది సవోయ్ రాకుమారుడు యూజీన్ చేతికి వెళ్లింది. 1738లో ఆయన గ్రంథాలతోబాటు వియన్నా రాజగ్రంథాలయం చేరింది. ఈనాటికీ అక్కడే, ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయంలో ఉంది. 1907లో ఆంగ్ల పాదిరీ లాన్స్‌డేల్ రాగ్, ఆయన భార్య లారా రాగ్ కలిసి దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు, ఆక్స్‌ఫర్డ్‌వారు అచ్చువేశారు. మరుసటి ఏడే అరబ్బీ అనువాదం వచ్చింది, దానికి ప్రసిద్ధ పండితుడు రషీద్ రిదా పీఠిక వ్రాశారు. పాదిరీయే అనువదించి అచ్చువేసిన పుస్తకాన్ని పాదిరీలు దాచారనడం ఎలా కుదురుతుంది?

మరి పోపు లైబ్రరీ కథ ఎక్కడిది? అది స్పానిష్ ప్రతికి ఉన్న ముందుమాటలోనిది. ఆ ప్రతి సంగతి 1734లో జార్జ్ సేల్ తన ఖుర్ఆన్ అనువాదపు పీఠికలో చెప్పాడు. తరువాత అది కనబడకుండాపోయి, దాని 18వ శతాబ్దపు నకలు ఒకటి 1976లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో బయటపడింది. కథ ఏమంటే, ఫ్రా మరీనో అనే సన్యాసి ఐదవ సిక్స్‌టస్ పోపుగారితో (పాలన 1585 - 1590) గ్రంథాలయంలో ఉండగా పోపుగారికి కునుకు పట్టిందట. ఈయన ఊరికే ఒక పుస్తకం తీస్తే అది సరిగ్గా తాను వెతుకుతున్న బర్నబా సువార్తేనట! చొక్కా చేతిలో దాచుకుని తెచ్చి, చదివి, ముస్లిమయ్యాడట. కథ బాగానే ఉంది. కాని సాక్ష్యం చెప్పేది ఆ ముందుమాట ఒక్కటే.

సరే, కథ సంగతి పక్కన పెట్టి పుస్తకాన్నే చూద్దాం. 222 అధ్యాయాలు. ఈసా (అ) ఓడ ఎక్కి నజరేతు పట్టణానికి చేరారని అందులో ఉన్నది. నజరేతు కొండల మీది ఊరు, అక్కడికి ఓడ రాదు. అక్కడినుండి కపెర్నహూముకు "ఎక్కి" వెళ్లారని వ్రాశాడు, నిజానికి సరస్సు ఒడ్డున ఉన్నది ఆ కపెర్నహూమే. ఈసా (అ) పుట్టేనాటికే పిలాతు గవర్నరుగా ఉన్నాడంటాడు. పిలాతు వచ్చింది 26లో. జూబిలీ సంవత్సరం నూరేళ్లకొకసారి వస్తుందంటాడు. యూదుల ధర్మశాస్త్రంలో అది యాభై ఏళ్లకొకసారి. నూరేళ్ల లెక్క 1300లో పోప్ ఎనిమిదవ బోనిఫేస్ జరిపిన జూబిలీతో వచ్చింది, 1343లో పోప్ ఆరవ క్లెమెంట్ దాన్ని మళ్లీ యాభైకి దించాడు. ఈ ఒక్క ముక్క చాలు, వ్రాసినవాని కాలం ఇంచుమించు తెలియడానికి.

ఇంతవరకు క్రైస్తవ పండితులు చూపిన తప్పులే అని ఎవరైనా అనవచ్చు. అందుచేత మనకు మరింత ముఖ్యమైనవి చెబుతాము. ఈ పుస్తకంలో ఈసా (అ) తాను మసీహ్ కానంటారు, ముహమ్మద్ (స) యే మసీహ్ అంటారు. ఖుర్ఆన్ షరీఫ్‌లో ఆలి ఇమ్రాన్ సూరాలో మసీహ్ అన్న బిరుదు ఎవరిది? మర్యమ్ కుమారుడైన ఈసా (అ) ది. ఈ పుస్తకంలో మర్యమ్ (అ) నొప్పులు లేకుండా ప్రసవించింది. మర్యమ్ సూరాలో ఆమె పురిటి నొప్పుల ప్రస్తావన ఉన్నది, మన ఇళ్లలో ఆడవాళ్లందరికీ తెలిసిన ఘట్టమే. ఆకాశాలు తొమ్మిదంటాడు, ఖుర్ఆన్‌లో ఏడు. తొమ్మిది ఆకాశాల లెక్క దాంతే కావ్యం చదివిన ఇటలీవాళ్లకు అలవాటైనది. ఇంకో తమాషా, పుస్తకం మొదట్లోనే "క్రీస్తు అనబడే యేసు" అని వ్రాసి, తరువాత ఆయన మసీహ్ కాదంటాడు. మసీహ్‌కు గ్రీకు మాటే క్రీస్తు అని ఆ వ్రాసినవానికి తెలియదు. యేసు సహచరుడైన బర్నబాకు ఆపాటి తెలియదా?

ఖుర్ఆన్‌కు విరుద్ధమైన పుస్తకాన్ని ఖుర్ఆన్‌కు సాక్షిగా నిలబెట్టుకున్నామన్నమాట.

ఇంకొక సంగతి. క్రైస్తవుల గ్రంథాలను గట్టిగా విమర్శించి పెద్ద గ్రంథాలు వ్రాసిన కార్డొబా పండితుడు ఇబ్న్ హజ్మ్ (మరణం 1064), డమాస్కస్‌లో ఇబ్న్ తైమియ్యా (మరణం 1328) ఈ పుస్తకం పేరే ఎత్తలేదు. ఇంతటి ఆయుధం ఉంటే వారు వదిలేవారా? ముస్లింల వ్రాతల్లో దీని ప్రస్తావన 1634 ప్రాంతంలో ట్యునీషియాలో కనబడుతుంది, వ్రాసినవాడు స్పెయిన్ నుండి వెళ్లగొట్టబడిన మోరిస్కో. మన దేశంలో 1854లో ఆగ్రాలో పాదిరీ ఫాండర్‌తో వాదించిన మౌలానా రహ్మతుల్లా కైరాన్వీ తన "ఇజ్‌హారుల్ హఖ్"లో దీన్ని ఉదహరించారు, అది సేల్ పీఠిక ద్వారా వచ్చిన సమాచారమే. ఈజిప్టు రచయిత అబ్బాస్ మహమూద్ అల్ అక్కాద్ 1959లోనే అనుమానాలు వెలిబుచ్చారు. కనుక ఈ అనుమానం పాదిరీలదే అనుకోరాదు.

మోరిస్కోల మాట వచ్చింది గనుక కాస్త ఆగుదాం. గ్రెనడా పడిపోయాక అక్కడి ముస్లింలకు బలవంతంగా బాప్తిస్మమిచ్చారు. అరబ్బీ మాట్లాడితే నేరం, స్నానం చేసినా అనుమానమే. చివరికి 1609 - 1614 మధ్య సుమారు మూడు లక్షలమందిని ఓడలెక్కించి పంపేశారు. ఆ వెళ్లగొట్టడానికి ముందు, 1595 నుండి గ్రెనడా కొండల్లో సీసపు రేకుల మీద అరబ్బీలో చెక్కిన "ప్రాచీన క్రైస్తవ గ్రంథాలు" దొరికాయి. ఇస్లాంకు దగ్గరగా ఉండే క్రైస్తవాన్ని చూపించి, తమ జాతిని నిలబెట్టుకుందామని మోరిస్కోలే వాటిని సృష్టించారని చరిత్రకారుల అభిప్రాయం. 1682లో పోపు వాటిని కూటసృష్టి అని తోసిపుచ్చాడు. బర్నబా సువార్త కూడా ఆ బాధల్లోనుండే పుట్టిందని కొందరు పరిశోధకులంటారు. స్పానిష్ ప్రతిని అనువదించినవాడు అరగాన్ ప్రాంతపు ముస్లిం ముస్తఫా అని ఆ ప్రతిలోనే ఉన్నది. ఇల్లూ భాషా పోగొట్టుకున్నవాళ్లు చేసిన పనిని చూస్తే మాకు కోపంకన్న జాలే కలుగుతుంది. కాని జాలి వేరు, సాక్ష్యం వేరు.

బర్నబా పేరుతో పాతది అసలు లేదా అంటే, ఉన్నది. "బర్నబా పత్రిక" అని ఒక ఉత్తరం. సీనాయి కొండ దగ్గరి మఠంలో దొరికిన నాల్గవ శతాబ్దపు బైబిలు ప్రతిలో అది ఉన్నది. సువార్తకూ దానికీ సంబంధం లేదు, మనవాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు. ఆ సీనాయి ప్రతిలోనే మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు లేవు. ఆ సంగతి ఇప్పటి బైబిళ్లు చాలావాటిలో అడుగున అచ్చువేసి చెబుతున్నారు. 325 నైసియా సభలో సువార్తలను ఎంచి మిగిలినవి తగలబెట్టారనే మాటకూ ఆధారం లేదు. ఆ సభ ఏరియస్ వాదం గురించీ, ఈస్టర్ తేదీ గురించీ చర్చించింది. ఇప్పుడున్న 27 పుస్తకాల పట్టిక 367లో అథనాసియస్ వ్రాసిన లేఖలో కనబడుతుంది. వారి గ్రంథాల మీద అడగవలసిన ప్రశ్నలు నిజంగానే ఉన్నాయి, అందుకు దొంగ కాగితం అక్కరలేదు.

1972లో యెమెన్‌లోని సనా పెద్ద మసీదు పైకప్పులో పాత ఖుర్ఆన్ ప్రతులు దొరికినప్పుడు, ముస్లింలు ఏదో దాస్తున్నారని పాశ్చాత్య పత్రికలు వ్రాస్తే మనకెంత కష్టం తోచింది! ఎదుటివారికీ అంతే తోస్తుంది.

మన సభ్యులలో కొందరి ఇళ్లలో ఉన్న ఇంగ్లీషు ప్రతులు రాగ్ దంపతుల అనువాదానికి పునర్ముద్రణలే. ఇది మధ్యయుగపు రచన అని వాదించిన వారి పీఠికను ఇటువంటి ముద్రణలు చాలావాటిలో తీసివేశారు. ఇంట్లో ప్రతి ఉన్నవారు ఆ పీఠిక ఉన్నదో లేదో చూసుకోగలరు. లేనట్లయితే దాన్ని జిరాక్స్ తీయించి పుస్తకంలో కలిపి కుట్టించవలసిందిగా కోరుతున్నాము.