వంశధార గట్టున మద్రాసు పాట

పొద్దుగూకాకే మద్రాసు రేడియో స్పష్టంగా పలికేది. పగలు ముల్లు ఎంత తిప్పినా గరగరమనే దూరపు మీడియం వేవ్ కేంద్రాలు చీకటి పడ్డాక అందేవి. పగటిపూట తరంగాలను మింగేసే ఆకాశపు పొర రాత్రికి పలచబడుతుంది. దానిపై పొర వాటిని వందల మైళ్ల అవతలికి దింపుతుంది. శ్రీముఖలింగం వైపు పల్లెల్లో రేడియో అంటే సాయంత్రమే అనిపించడంలో ఈ భౌతికశాస్త్రం వాటా కూడా ఉంది.

మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. విజయవాడది 1948 డిసెంబరు 1. ఉత్తరాంధ్రకు సొంత కేంద్రం విశాఖలో 1963 ఆగస్టు 4న గానీ రాలేదు. అయితే అప్పటికే గాలిలో వినిపిస్తున్న గొంతుల్లో ఎన్నో ఈ నేలపై పుట్టినవో, పాట నేర్చుకున్నవో.

ద్వారం వెంకటస్వామినాయుడు ఫిడేలు నేర్పిన విజయనగరం సంగీత కళాశాలలోనే గాయకుడు ఘంటసాల చదివారు. ఆ రోజుల్లో జోలె పట్టి మధూకరం ఎత్తుకుని పొట్ట నింపుకున్న కుర్రాడాయన. పట్రాయని సీతారామశాస్త్రి చేరదీసి పాట నేర్పారు. మద్రాసు వెళ్లాక రేడియోలో లలిత గీతాలు పాడే అవకాశమిచ్చింది బాలాంత్రపు రజనీకాంతరావు. సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు బాణీలు తెలుగు లలిత సంగీతానికి ఒరవడి దిద్దాయి.

1952లో సమాచార మంత్రి అయిన బి.వి.కేస్కర్‌కు సినిమా పాట గిట్టేది కాదు. ఆకాశవాణిలో దాన్ని తగ్గించి లలిత సంగీతాన్ని పెంచారు. జనం ముల్లును రేడియో సిలోన్ వైపు తిప్పేశారు. 1957 అక్టోబరు 3న ఆకాశవాణిలో వివిధ భారతి వచ్చాక గానీ సినిమా పాటకు మళ్లీ పెద్దపీట పడలేదు. కేస్కర్ పట్టుదల శ్రోతలకు కష్టమే అయినా, లలిత గీతానికి మాత్రం నిజంగా మేలు చేసింది.

విజయనగరం అమ్మాయి పి.సుశీల సినిమాకు వెళ్లిందీ రేడియో దారినే. కొత్త గొంతుల కోసం సంగీత దర్శకుడు పెండ్యాల నాగేశ్వరరావు ఆకాశవాణిని అడిగితే, వాళ్లు సూచించిన కొద్దిమందిలో ఆమెను ఎంచుకున్నారు. 1953లో ఆమె పాడిన ‘కన్నతల్లి’ వచ్చింది.

ఆ తరువాత శ్రోతలు కోరిన పాటల కాలం. పోస్టుకార్డు మీద పాట పేరు ఒక వరుస, మిగతాదంతా మనుషుల పేర్లు: ఇంట్లోవాళ్లు, ఎదురింటివాళ్లు, బడి స్నేహితులు, చివర నరసన్నపేటో టెక్కలో పాలకొండో. అనౌన్సరు ఆ పేర్లన్నీ చదివేదాకా పాట మొదలయ్యేది కాదు. మొదలైతే అది తరచూ సుశీలదో ఘంటసాలదో అయ్యేది.