కంప్యూటర్ డిమ్మర్ బోర్డు

కంప్యూటర్ పంపే సంకేతాన్ని బట్టి విద్యుద్దీపాల వెలుగును పెంచి తగ్గించే పరికరం కంప్యూటర్ డిమ్మర్ బోర్డు. విడిభాగాలు కొనుక్కుని ఔత్సాహికులు సొంతంగా తయారు చేసుకునే బోర్డులు 2000 తర్వాత ప్రపంచమంతటా వ్యాపించాయి. జాతరలు, ఉర్సులు, వినాయక నవరాత్రులు ఏడాది పొడవునా సాగే నల్లగొండ, పాలమూరు ప్రాంతాలకు ఈ విద్య బాగా అక్కరకొస్తుంది. దీని చరిత్రలో రెండు పాయలున్నాయి: వెలుగును అదుపు చేయడం, ఆ వెలుగుకు కావలసిన కరెంటును క్షేమంగా అందించడం. మొదటిది ఎంత ముందుకు పోయినా, బోర్డు మంచిచెడ్డలు తేలేది రెండోదానితోనే.

తొలి దశ

కరెంటు రాకముందు ఊళ్లలో చిందు భాగవతాలకు, యక్షగానాలకు కాగడాలు, ఆ తర్వాత పెట్రోమాక్స్ లైట్లు వెలుగునిచ్చేవి. విద్యుత్తు వచ్చాక నాటక రంగస్థలానికి వెలుగును తగ్గించే సాధనం అవసరమైంది. తొలి సాధనాల్లో ఒకటి ఉప్పునీటి డిమ్మర్. ఉప్పునీళ్ల పాత్రలో రెండు లోహపు పలకలుంచి, వాటి మధ్య దూరం పెంచితే వెలుగు తగ్గేది, దగ్గరికి జరిపితే పెరిగేది. తరువాత నిరోధక తీగల డిమ్మర్లు, ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు వచ్చాయి. ఉప్పునీరు, నిరోధక తీగ అనవసరమైన కరెంటును వేడిగా వృథా చేసేవి. ఆటో ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆ వృథా తగ్గినా బరువు ఎక్కువ.

1957లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ఎస్‌సీఆర్ అనే అర్ధవాహక స్విచ్‌ను రూపొందించింది. 1960లలో వచ్చిన ట్రయాక్ ఏసీ కరెంటును రెండు దిశల్లోనూ అదుపు చేయగలిగింది. ఇలాంటి అర్ధవాహక స్విచ్‌లతో డిమ్మర్ గోడమీది స్విచ్ పెట్టెలో ఇమిడేంత చిన్నదైంది.

కంప్యూటర్ చేతికి

1986లో అమెరికా రంగస్థల సాంకేతిక నిపుణుల సంస్థ యూఎస్ఐటీటీ, డీఎంఎక్స్ 512 అనే ప్రమాణాన్ని రూపొందించింది. ఒకే కేబుల్ మీద సెకనుకు 2,50,000 బిట్ల వేగంతో 512 చానళ్లకు, అంటే విడివిడిగా అదుపు చేసే దీపాల వరుసలకు, వెలుగు స్థాయిలను పంపడం దీనివల్ల వీలైంది. అంతకుముందు ఒక కంపెనీ కంట్రోల్ బల్ల మరో కంపెనీ డిమ్మర్‌తో పొసగేది కాదు.

2000 దశకంలో అమెరికాలో క్రిస్మస్‌కు ఇళ్లను పాటకు తగ్గట్టు వెలిగించే ఔత్సాహికులు సొంత బోర్డులకు దిగారు. వారిలో ప్రచారం పొందిన రెనార్డ్ పద్ధతిలో ఒక్కో చిన్న పిక్ మైక్రోకంట్రోలర్ ఎనిమిది చానళ్లను చూసుకుంటుంది. కంప్యూటర్ సీరియల్ పోర్టు నుంచి వచ్చిన వరుసలో తన వంతు తీసుకుని, మిగిలింది తర్వాతి చిప్‌కు అందిస్తుంది. మూడు చిప్‌లతో 24 చానళ్ల బోర్డు తయారవుతుంది. పాటకు వెలుగును జతపరచడానికి విక్సెన్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు వచ్చాయి.

జాతర వెలుగులు

మన దేశంలో ఉత్సవ దీపాలది వేరే దారి. కంప్యూటర్‌కు ముందు ఇక్కడి పనివారు మోటారుతో తిరిగే రోలర్‌పై రాగి, ఇత్తడి రేకులు బిగించి, బ్రష్‌లు తగిలినప్పుడల్లా బల్బుల వరుసలు వెలిగి ఆరేలా చేశారు. పశ్చిమ బెంగాల్‌లోని చందన్‌నగర్ ఈ పనికి పేరు పొందింది. తర్వాత 555 టైమర్, 4017 కౌంటర్ ఐసీలతో బల్బులను ఒకదాని తర్వాత ఒకటి వెలిగించే చేజర్లు, ఆపైన మెమరీ చిప్‌తో నడిచే కంట్రోలర్లు వచ్చాయి. ఇవన్నీ ఎక్కువగా వెలిగించి ఆర్పేవే. వెలుగును మెల్లగా పెంచి తగ్గించడం డిమ్మర్ బోర్డు చేర్చిన గుణం.

సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు లింగమంతుల జాతర, నార్కట్‌పల్లి మండలం చెరువుగట్టు బ్రహ్మోత్సవాలు, పాలకవీడు మండలం జాన్‌పహాడ్ దర్గా ఉర్సు, కార్తీకంలో కురుమూర్తి స్వామి జాతర ఈ ప్రాంతంలో దీపాలంకరణకు ప్రధాన సందర్భాలు.

కరెంటు సరఫరా

ఈ నేల విద్యుదుత్పత్తికి కొత్తది కాదు. నాగార్జునసాగర్ ప్రధాన జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 815.6 మెగావాట్లు. పూర్వపు మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలో 900 మెగావాట్ల శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం, 234 మెగావాట్ల జూరాల కేంద్రం ఉన్నాయి. అయినా బోర్లమీద ఆధారపడ్డ ఈ పల్లెల్లో మూడు ఫేజుల కరెంటు చాలాకాలం విడతలవారీగానే వచ్చేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైంది.

ఇక్కడి కరెంటు తీరు వేరు కనుక అమెరికా బోర్డుల నమూనాను యథాతథంగా వాడరాదు. అక్కడిది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మన కరెంటు గరిష్ఠ స్థాయి 325 వోల్టుల దాకా పోతుంది కనుక 400 వోల్టుల ట్రయాక్‌లు నమ్మదగినవి కావు. 600 వోల్టులు, అంతకు మించినవే వాడాలి. కరెంటు ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒకసారి సున్నా దాటుతుంది. దాటిన వెంటనే ట్రయాక్ తెరిస్తే నిండు వెలుగు వస్తుంది. 5 మిల్లీసెకన్ల తర్వాత తెరిస్తే బల్బుకు సగం శక్తే అందుతుంది. ఈ సున్నా గుర్తింపు బల్బులకు వాడే ఫేజు నుంచే తీసుకోవాలి. వేరే ఫేజు నుంచి తీసుకుంటే లెక్క తప్పి వెలుగు అదుపులో ఉండదు. జనరేటర్‌పై ఫ్రీక్వెన్సీ ఊగితే దీపాలు మినుకుమంటాయి. ప్రతి అర్ధ తరంగానికీ సున్నాను కొత్తగా గుర్తించే బోర్డు దాన్ని చాలావరకు తట్టుకుంటుంది.

24 చానళ్లకు ఒక్కోదానికి 100 వాట్ల బల్బు పెడితే మొత్తం 2,400 వాట్లు, అంటే సుమారు 10.4 ఆంపియర్లు. ఇంట్లోని 6 ఆంపియర్ల సాకెట్ దీనికి చాలదు. 16 ఆంపియర్ల లైను వేసి, చానళ్లను గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు తగిన ఫ్యూజు పెట్టాలి. కంప్యూటర్ వైపు 5 వోల్టులకూ మెయిన్స్‌కూ మధ్య ఆప్టో ఐసోలేటర్ తప్పనిసరి. అది లేకపోతే షాక్ కంప్యూటర్ దాకా, దాన్ని ముట్టినవారి దాకా వస్తుంది. ఎర్తింగ్, కరెంటు లీకైతే సరఫరా ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, తడి తగలని పెట్టె కూడా బోర్డులో భాగాలే. ట్యూబ్‌లైట్లు, మోటార్లు ఈ డిమ్మర్లకు తగవు.

నేటి స్థితి

ఫిలమెంట్ బల్బులు తగ్గడంతో ట్రయాక్ బోర్డుల స్థానాన్ని పిక్సెల్ ఎల్ఈడీలు ఆక్రమించాయి. దేవుళ్ల కటౌట్లపై రంగులు పారించే కంట్రోలర్లు ఎస్డీ కార్డు నుంచే బొమ్మను చదువుతాయి. ప్రతి పిక్సెల్‌లోనూ చిన్న చిప్ ఉండి తన వెలుగును తానే సర్దుకుంటుంది. షాక్ ప్రమాదం తగ్గినా లెక్క తప్పదు: 5 వోల్టుల పిక్సెల్ నిండు తెలుపులో సుమారు 60 మిల్లీఆంపియర్లు తీసుకుంటే, వెయ్యింటికి 60 ఆంపియర్లు కావాలి. సన్నని వైరు ఆ భారానికి వేడెక్కుతుంది, చివరి పిక్సెల్‌లు ఎర్రబడతాయి. అందుకే మధ్యమధ్య సప్లై ఇస్తూ పోవాలి.

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శోభాయాత్ర రథానికి కరెంటు తీగ తగిలి ఐదుగురు మరణించారు. ఉత్సవాల్లో కరెంటు దగ్గర ఏమరుపాటు ప్రాణాల మీదికి తెస్తుంది. బోర్డు ఎంత చక్కగా చేసినా, స్తంభానికి కొక్కెం తగిలించి కరెంటు తీసుకుంటే ఆ కష్టం వృథా. జాతరకైనా మండపానికైనా విద్యుత్ సంస్థ అనుమతితో తాత్కాలిక కనెక్షన్ తీసుకోవాలి. లోడు లెక్క, ఎర్తు, ఫ్యూజు సరిచూశాకే మెయిన్ స్విచ్ వేయాలి.