ఉక్కుకు పేరు, రాతికి పని

వేటగాళ్ల మడతకత్తుల చరిత్ర పేరుతో మనకు దొరికేది చాలావరకు ఉక్కు చరిత్రే. ఏ ఊళ్లో చేశారు, ఏ కంపెనీ చేసింది, ఏ రకం ఉక్కు వాడారు అన్నవే అందులో కనిపిస్తాయి. అలుగు మీద చెక్కి ఉండేవీ ఆ పేర్లే. ఆ అలుగుకు వాదర తెచ్చిన రాయికి మాత్రం పేరూ లేదు, ప్రశంసా లేదు. అమెరికా వేటకత్తి రెండు వందల ఏళ్ల కథను దగ్గరగా చూస్తే ఇది అన్యాయమని తెలుస్తుంది. ఉక్కు ఎంత గట్టిపడవచ్చో ప్రతి దశలోనూ తేల్చింది రాయే. తన దగ్గరున్న రాతికి లొంగని ఉక్కు ఎంత గొప్పదైనా, ఒకసారి మొక్కబోయాక వేటగాడికి అది బరువు తప్ప మరేమీ కాదు.

పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా వేటగాళ్ల జేబుల్లో ఉన్న మేలైన కత్తులు ఎక్కువగా ఇంగ్లండులోని షెఫీల్డ్ నుంచి వచ్చినవే. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ అక్కడ మూసల్లో ఉక్కు కరిగించే పద్ధతి నిలబెట్టాడు. జార్జ్ వోస్టెన్‌హోమ్ వంటి తయారీదార్లు ఆ ఊరి కత్తులను సముద్రం దాటించి అమ్ముకున్నారు. ఆ కత్తులకు మొదటి పదును పెట్టింది తిరిగే ఇసుకరాతి చక్రాల ముందు వంగి కూర్చున్న సాన కార్మికులు. నీళ్లు పోయకుండా పొడిగా నూరే పనిలో రాతి ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని, వాళ్లలో ఎందరో నడివయసు రాకముందే చనిపోయారు. ఆ కత్తి అడవికి చేరాక అలాంటి చక్రమూ ఉండదు, పనివాడూ ఉండడు. వేటగాడు తన పదును తానే తెచ్చుకోవాలి. ఆ వీలు కల్పించింది ఆర్కాన్సాలోని వాషిటా కొండల నోవాక్యులైట్ రాయి. అది దాదాపు మొత్తం సిలికాయే, చాలా సన్నని రేణువులు. స్థానిక తెగలు బాణపు ములుకుల కోసం ఎప్పటినుంచో తవ్వుకుంటున్న ఆ రాయి, హాట్ స్ప్రింగ్స్ పరిసరాల నుంచి సానరాయిగా దేశమంతా వెళ్లింది. 1892లో ఎల్. ఎస్. గ్రిస్వోల్డ్ దాని మీద పూర్తి స్థాయి భూవిజ్ఞాన నివేదికే వెలువరించాడు.

ఆ రాతి మీద పని నెమ్మదైనది. ముందు రాతి మీద నాలుగు చుక్కల నూనె వేస్తారు. రాలిన ఇనుప రజను నూనెలో తేలిపోతుంది, రాతి రంధ్రాలు పూడవు. కత్తి వెన్నును కొద్దిగా, సుమారు 20 డిగ్రీలు లేపి, రాతి మీంచి పలుచని పొర కోసి తీస్తున్నట్టు మడమ నుంచి మొన దాకా లాగుతారు. కాసేపటికి అవతలి వైపు అంచున సన్నని పొర లేచి బొటనవేలికి గరుకుగా తగులుతుంది. అప్పుడు కత్తి తిప్పి, చేతి బరువు తగ్గించుకుంటూ దాన్ని తీసేస్తారు. చివర తోలు పట్టీ మీద నాలుగుసార్లు రుద్దుతారు. మడతకత్తికి ఇంకో పని కూడా ఉంది. పిడి గాడిలో చేరిన నెత్తురు, కొవ్వు, వెంట్రుకలు కడిగి, ఆరబెట్టి, కీలులో ఒక చుక్క నూనె వెయ్యకపోతే మామూలు కార్బన్ ఉక్కు త్వరలోనే తుప్పు పడుతుంది.

ఈ తుప్పు బాధ తీర్చడానికే ఉక్కు మారింది, మారగానే రాయి చాలకుండా పోయింది. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుప్పు పట్టని ఉక్కు చేసినప్పుడు, కొయ్యని కత్తులు కనిపెట్టినవాడని అతన్ని ఎగతాళి చేశారు. 1964లో వచ్చిన బక్ 110 మడతకత్తి అమెరికా వేటగాళ్ల అభిమానం చూరగొంది. మొదట్లో దానికి వాడిన 440సి ఉక్కులో సుమారు 17 శాతం క్రోమియం ఉండేది. ఇలాంటి ఉక్కులో సున్నంలో కంకరలా గట్టి కార్బైడ్ గుళికలు ఉంటాయి. 2001 నాటి ఎస్30వి ఉక్కులో వాటికి తోడు వెనేడియం కార్బైడ్లు చేరాయి. మోస్ కొలమానంలో నోవాక్యులైట్ గట్టితనం 7. అది గుళికల చుట్టూ ఉన్న ఉక్కును అరగదీస్తుంది కానీ గుళికలను కొయ్యలేదు. వాటికి 1891లో ఎడ్వర్డ్ ఆచెసన్ తయారుచేసిన కార్బోరండమో, 1954లో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో పుట్టిన కృత్రిమ వజ్రమో కావాలి.

మంచి ఉక్కు లేనిదే ఎంత మంచి రాయి ఉండి ఏం లాభమని అడగవచ్చు. నిజమే, మెత్తని ఇనుముకు ఎంత పదును పెట్టినా మొదటి ఎముకకే అంచు మడతపడుతుంది. అయితే వరస చూడండి. తుప్పు పట్టని ఉక్కు కన్నా ముందు కార్బోరండం వచ్చింది, లోహపు పొడి నుంచి చేసే ఎస్30వి లాంటి ఉక్కు కన్నా ముందు కృత్రిమ వజ్రం వచ్చింది. వరస ఒక్కటే కారణానికి రుజువు కాదని ఒప్పుకుంటాను. కానీ అరగదీసే సాధనం లేనిదే కార్ఖానా ఆ అలుగును తీర్చలేదు, కొన్నవాడు నిలుపుకోలేడు. ఇక కొత్త ఉక్కుకు పదును పెట్టే అవసరమే తక్కువ కదా అన్నది రెండో అభ్యంతరం. జంతువు తోలులో బురదా ఇసుకా ఉంటాయి, అవి ఏ అంచునైనా మొద్దుబారుస్తాయి. ఎక్కువ కాలం నిలిచిన పదును పోయాక తిరిగి రావడమూ అంతే కష్టం. అప్పటికి చేతికి అలవాటు కూడా తప్పి ఉంటుంది. తొందరపడి కరెంటు చక్రానికి పెడితే వేడికి సన్నని అంచు మెత్తబడుతుంది, కొత్త ఉక్కు కోసం పెట్టిన డబ్బు అక్కడే పోతుంది.

రాతిని మరిచిపోవడంలో మనకూ భాగముంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారని భూవిజ్ఞాని హెన్రీ వాయిసీ రాసింది మనం గర్వంగా చెప్పుకుంటాం. ఇలాంటి భారతీయ ఉక్కు మీద జార్జ్ పియర్సన్ 1795లో లండన్ రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించాడు. మూడేళ్లకే, 1798లో, అదే వేదిక మీద చార్లెస్ గ్రెవిల్ ఆసియా కురువిందం గురించి రాశాడు. మోస్ కొలమానంలో 9 ఉన్న ఆ రాతి పొడినే లక్కలో కలిపి మన పనివాళ్లు సానలు చేసుకునేవారు. ఉక్కు కీర్తి పుస్తకాలకెక్కింది, సాన పట్టినవాళ్ల విద్య ఎక్కలేదు. మ్యూజియంలో కత్తి పక్కన దాన్ని నూరిన రాతిని కూడా ఉంచాలి. కత్తి కొనేవాడు ఉక్కు పేరుతో పాటు దాన్ని ఏ రాతి మీద నూరాలో కూడా అడగాలి. పదునుకు ఆ రెండూ సమానంగా కారణమని చరిత్ర చెబుతున్నప్పుడు, ఒక్కదానికే పేరు కట్టబెట్టడం తప్పు.