పెంపుడుతల్లి పక్షులపై నింద

కోకిల కాకిగూటిలో గ్రుడ్డు పెట్టుననుట మన పూర్వు లెఱిగినదే. అమరసింహుడు కోకిలకు పరభృతమనియు, కాకికి పరభృత్తనియు పేళ్ళు చెప్పెను. మొదటిది పరులచే పోషింపబడునది, రెండవది పరులను పోషించునది. కాళిదాసు నాటకమున దుష్యంతుడు నిండుకొలువులో శకుంతలను కాదనుచు, ఆడుదాని సహజకపటమునకు కోకిలనే దృష్టాంతముగా జూపెను. తాను మఱచిన భార్యను త్రోసివేయుటకు అడవిపక్షిని సాక్ష్యమునకు బిలిచిన యా వాదము మాకెన్నడును రుచింపలేదు. అది యట్లుండనిండు. కోకిల కపటమును గూర్చి యింత చెప్పిన మనము, మోసపోయిన కాకి యేమి చేయునని విచారించితిమా? వెఱ్ఱికాకి యని నవ్వి యూరకుంటిమి.

పాశ్చాత్యులు నవ్వుటతో నాగక నిందయు మోపిరి. ఐరోపాలోని కుక్కూ పక్షి మన కోకిలకు చుట్టమేగాని కోకిల గాదు. అది తనకంటె మిక్కిలి చిన్నపిట్టల గూళ్ళలో గ్రుడ్డు పెట్టును. పిదప నా గూటి సొంతపిల్లలు కనబడవు. అవి యేమైనట్లు? అరిస్టాటిలు పేర నున్న జంతుశాస్త్రగ్రంథమున దీనికి పలువురి మాటలు గలవు. పరాయిపిల్ల యందమునకు మురిసి పెంపుడుతల్లియే తన బిడ్డలను జంపుననునది వానిలో నొకటి. ఈ యభిప్రాయము వేఱొక రూపమున పందొమ్మిదవ శతాబ్దిదాక బ్రదికినది. పక్షిశాస్త్రమున పేరుమోసిన జాన్ గౌల్డు సైతము పెంపుడు తలిదండ్రులే పిల్లలను గూటినుండి తొలగించునని నమ్మెను.

నిజము చూచినవారు లేకపోలేదు. మశూచికమునకు టీకా కనిపెట్టిన ఎడ్వర్డు జెన్నరు 1788లో, అప్పుడే పుట్టిన కుక్కూపిల్లయే తోడిపిల్లలను వీపుపై కెత్తుకొని బయటికి ద్రోయుచున్నదని ప్రకటించెను. దాని వీపున నందులకు దగిన పల్లముండి, కొన్నిదినములకు పూడిపోవును. కన్నులు తెఱవని పసికందు కింత క్రౌర్యమా యని పలువురు నమ్మలేదు. 1871లో స్కాట్లండున జెమైమా బ్లాక్‌బర్నను చిత్రకారిణి, పిపిట్ అను చిన్నపిట్ట గూటియొద్ద నీ పనిని కన్నులార జూచి బొమ్మ గీసినది. ఆమె సాక్ష్యముతో గౌల్డు తన మతమును మార్చుకొనెను. మఱుసటియేట వెలువడిన తన గ్రంథపు టాఱవ ముద్రణమున డార్విను ఈ సంగతిని గౌల్డు పేర చెప్పెను గాని, చూచిన స్త్రీ పేరు చెప్పలేదు. తల్లిపిట్టపై నింద తొలగించినయామె పేరు నట్లు మఱుగుపడినది!

నింద తొలగినను తెలివితక్కువ దనుమాట తొలగలేదు. దానిని పరీక్షకు బెట్టినవారిలో స్విన్నర్టను ముఖ్యుడు. ఆయన ఆఫ్రికాలో పిట్టలగూళ్ళలో పరాయిగ్రుడ్లుంచి, తమవానిని బోలనివానిని పక్షులు పాఱవేయుట గమనించి 1918లో వ్రాసెను. 1980 తరువాత కేంబ్రిడ్జి సమీపమున వికెన్ ఫెన్ అను చిత్తడినేలలో డేవిస్, బ్రూక్ అనువారు రంగుపూసిన కృత్రిమపు గ్రుడ్లతో నీ విచారణను విస్తరించిరి. అచట రెల్లులో గూడు కట్టు రీడ్ వార్బ్లరు అనుపిట్ట పోలికలేని గ్రుడ్డును తఱచు పాఱవేసెను, లేదా గూటినే విడిచెను. పోలిక చక్కగా నున్నచో మోసపోయెను. గూటికడ కుక్కూబొమ్మ కనబడినచో దాని యనుమానము మఱింత హెచ్చెను. కుక్కూయు నందుకు దగినదే. అది కొన్ని క్షణములలో ఒక గ్రుడ్డు దీసి, తన గ్రుడ్డొకటి పెట్టి పాఱిపోవును. కుక్కూలు గూడు వెదకని ఐస్‌లండులో పిపిట్టులకు బ్రిటనులోని వానికున్నంత జాగ్రత్త లేదు. దొంగలభయ మున్నచోటనే తాళములు గట్టివగును గదా! ఇక జెన్నరు చూచిన గూటి యజమానియైన డన్నకు అనుపిట్ట తన గ్రుడ్లు నీలివైనను, మచ్చల గ్రుడ్డును మాఱుమాటలేక పొదుగును. అది క్రొత్తగా వాత బడిన పక్షి కాబోలునని పరిశోధకుల యూహ.

గ్రుడ్డును గుర్తించు పక్షి తనకంటె పెద్దదైన పరాయిపిల్ల నేల మేపును? ఇజ్రాయెలు శాస్త్రజ్ఞుడు లోటెము 1993లో దీనికొక సమాధానము చెప్పెను. పక్షి తొలికాన్పులో చూచినదానిని బట్టి తనవారిని నేర్చుకొనునని యనుకొందము. గ్రుడ్ల విషయమున నది మేలే. పరాయిది చేరినను తన గ్రుడ్లును ప్రక్కనుండును. పిల్లల విషయమున నట్లుకాదు. తక్కినవి బయట పడినందున గూట కుక్కూపిల్ల యొక్కటే మిగులును. దానినే తన బిడ్డ యని నేర్చినచో, మఱుసటేడు పుట్టిన సొంతబిడ్డలనెల్ల పరాయివని త్రోసివేయును. అట్టి నేర్పుకంటె నేర్వకుండుటయే లాభము. అయినను ఆస్ట్రేలియాలో ఫెయిరీరెన్ అను చిన్నపిట్ట, గూట నొంటిగా మిగిలిన కుక్కూపిల్లను, పదింట నాలుగుమార్లు, విడిచి మఱియొక గూడు కట్టుకొనునని 2003లో లాంగ్‌మోరు మొదలగువారు తెలిపిరి.

ఇక మన కాకి మాట. కోకిలపిల్ల సాధారణముగా కాకిపిల్లలను త్రోసివేయదు, కలిసి పెరుగును. కావున కాకికి కలుగు నష్టము రీడ్ వార్బ్లరుకు కలుగునంతటిది గాదు. గ్రుడ్డును పాఱవేయకున్నను కాకి యూరకుండదు. వేసవిలో గూడుగల చెట్టుదాపున కోకిల తలచూపిన, కాకి యఱచుచు దానిని వీథి చివరదాక తఱుముటను మా పాఠశాల బాలురు కూడ నెఱుగుదురు.