యంత్రసౌందర్యం: ఆవిరి ఇంజన్ రూపచరిత్ర – ఒక పరిశీలన

యంత్రాన్ని సుందరమని గాని వికృతమని గాని నిర్ణయించేది ఏది అన్న ప్రశ్నకు వివిధ కాలాలు వివిధ సమాధానాలిచ్చాయి. పందొమ్మిదో శతాబ్ది పూర్వార్ధంలో కర్మాగారాల ఆవిరి యంత్రాలకు గ్రీకు ఆలయ స్తంభాలను పోలిన ఇనుప స్తంభాలను అమర్చడం పరిపాటి. యంత్రానికి స్వతహాగా అందం లేదు, దానిని వాస్తుకళ నుంచి అరువు తేవాలన్న భావన ఆ అలంకరణ వెనుక ఉంది. 1923లో వెలువడిన తన ప్రసిద్ధ గ్రంథంలో లె కార్బూజియే ఈ క్రమాన్ని తలకిందులు చేశాడు. గ్రీకు ఆలయాల, మోటారుకార్ల ఛాయాచిత్రాలను పక్కపక్కన ముద్రించి, యంత్రాన్నే వాస్తుకళకు ఆదర్శంగా నిలిపాడు. ప్రయోజనానికి తగిన రూపమే సుందరమన్న వాదానికి దీనితో బలం చేకూరింది.

అయితే ప్రయోజనం ఎవరిది? 1930లనాటి రైలింజన్లు ఈ ప్రశ్నను స్పష్టంగా ముందుకు తెస్తాయి. వేగం రెట్టింపైతే గాలి నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది. కనుక వేగంగా పరుగెత్తే ఇంజన్‌కు నునుపైన తొడుగు అవసరమన్న వాదం నిరాధారం కాదు. బ్రిటన్‌లో నైజెల్ గ్రెస్లీ రూపొందించిన ఏ4 తరగతికి చెందిన మాలార్డ్ 1938 జులై 3న గంటకు సుమారు 203 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. ఆ తొడుగు ప్రయాణికులకు ఆధునికతకు ప్రతీక. షెడ్డులో మరమ్మతు చేసే కార్మికుడికి మాత్రం అడ్డంకి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నిర్వహణ సౌలభ్యం కోసం ఏ4 ఇంజన్ల చక్రాలను కప్పిన పలకలను తొలగించారు. కారొనేషన్ తరగతి ఇంజన్లకైతే 1946 నుంచి తొడుగులను పూర్తిగా విప్పివేశారు.

భారతదేశంలో ఇదే శైలి మరో రూపం దాల్చింది. 1947లో అమెరికాలోని బాల్డ్విన్ సంస్థ నుంచి వచ్చిన డబ్ల్యూపీ తరగతి ఇంజన్లకు తుపాకీగుండును తలపించే ముందుభాగం, దానిపై నక్షత్రం ఉండేవి. చక్రాలు, వాటిని నడిపే కడ్డీలు మాత్రం బయటికి కనబడుతూనే ఉన్నాయి. గంటకు వంద కిలోమీటర్ల ప్రాంతంలో నడిచే ఇంజన్‌కు ఆ గుండుముక్కు వల్ల కలిగే లాభం స్వల్పం. ఆ ముక్కు వేగాన్ని పెంచడం కన్నా వేగాన్ని సూచించడమే ఎక్కువగా చేసింది. అయినా ప్రయోజనవాదపు గీటురాయిపై దానిని వికృతమని తోసిపుచ్చడం సాధ్యం కాదు. పైన సంకేతం, కింద నగ్నంగా కనిపించే శ్రమ కలిసి ఉండడమే దాని ప్రత్యేకత.

తెలుగువారు రైలును ‘పొగబండి’ అన్నారు. ఆ పేరుకు ఆధారం బండి ఆకృతి కాదు, దాని పని వల్ల బయటపడే పొగ. జనం చూపు యంత్రాన్ని దాని పని ద్వారానే గుర్తించిందనడానికి ఈ పదమే ఒక సాక్ష్యం.

కాబట్టి యంత్రసౌందర్యం ఆకృతిలో మాత్రమే లేదు, ప్రయోజనంలో మాత్రమే లేదు. రూపం ఇచ్చే మాటకూ, యంత్రం చేసే పనికీ మధ్య ఉన్న సంబంధంలో అది ఉంది. ఆ మాట నిలిచిందో లేదో చెప్పగలిగినవారిలో రూపకర్త, ప్రయాణికుడితో పాటు షెడ్డు కార్మికుడూ ఒకడు. అతని చూపును విస్మరించిన యంత్రసౌందర్య చరిత్ర తొడుగు చరిత్రగానే మిగిలిపోతుంది.