మంత్రాలు లేని పెళ్లి: కోటబొమ్మాళి ప్రాంతంలో చట్టం నడిచిన దారి

మతకర్మ లేకుండా పెళ్లాడే హక్కు ఈ దేశంలో 1872 మూడో చట్టంతో వచ్చింది. కేశవచంద్ర సేన్ వెంట నడిచిన బ్రహ్మసమాజికుల పట్టుదల దాని వెనుక ఉంది. కోటబొమ్మాళి అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో, గంజాం జిల్లాలో ఉండేది. చట్టం అక్కడా చెల్లేది. కానీ హిందూ, ముస్లిం, క్రైస్తవం వంటి మతాలేవీ తమవి కావని వధూవరులు రాసివ్వాలి. కులకట్టు నడుమ బతికే పల్లెకుటుంబానికి అది ఊరినే వదులుకోవడం. 1923 సవరణ హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులకు ఆ షరతు తప్పించింది. 1936లో ఒడిశా ఏర్పడ్డాక ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో, 1950లో కొత్త శ్రీకాకుళం జిల్లాలో చేరింది.

ఆచారాన్ని మార్చింది మాత్రం ఉద్యమాలే. హేతువాద కవి త్రిపురనేని రామస్వామి చౌదరి సంస్కృత మంత్రాలకు బదులుగా తెలుగులో ‘వివాహవిధి’ రాశారు. నాస్తికోద్యమ నేత గోరా తన కుమార్తె మనోరమకు దళితుడైన అర్జునరావుతో 1948లో సేవాగ్రామంలో పెళ్లి చేశారు. దేవుడికి బదులు సత్యం పేరిట ప్రమాణం చేయడానికి గాంధీ ఒప్పుకున్నారు. పెళ్లినాటికి ఆయన లేరు. హేతువాదులు, కమ్యూనిస్టులు సభలో దండలు మార్పించే స్టేజి పెళ్లిళ్లను అలవాటు చేశారు.

అయితే దండలతోనే చట్టం ముందు పెళ్లి అయిపోదు. 1955 హిందూ వివాహ చట్టం ఆచారబద్ధమైన క్రతువు కోరుతుంది. తమిళనాడు 1967లో తన సవరణతో పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహాలకు చెల్లుబాటు ఇచ్చింది. ఆంధ్రలో అలాంటి సవరణ రాలేదు. క్రతువు జరగనిదే రిజిస్ట్రేషన్ కాగితం హిందూ వివాహం కాదని సుప్రీంకోర్టు 2024లో మళ్లీ చెప్పింది.

కాబట్టి మంత్రాలు వద్దనుకునే జంటకు 1954 ప్రత్యేక వివాహ చట్టమే గట్టి ఆధారం. ఇద్దరిలో ఒకరు 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలో వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. ఆంధ్రలో ఆ అధికారం సబ్‌రిజిస్ట్రార్లది. అభ్యంతరాలకు 30 రోజుల గడువు. 1872 చట్టంలో అది 14 రోజులే. ఆ తర్వాత అధికారి, ముగ్గురు సాక్షుల ఎదుట ఒకరినొకరు చట్టబద్ధమైన భార్యాభర్తలుగా స్వీకరిస్తున్నామని తెలుగులోనే చెప్పవచ్చు. అదనపు రుసుము కడితే, దూరం మరీ ఎక్కువ కాకపోతే, కోరిన చోటికే అధికారి వస్తారు.

నోటీసును కార్యాలయంలో అందరికీ కనిపించేలా అంటించడం మాత్రం అన్యాయం. ఇంట్లో ఒప్పుకోని కులాంతర జంటకు ఆ నెల రోజులే గండం. పెళ్లి తేదీ పెట్టుకునేవారు గుర్తుంచుకోవలసింది మరొకటి ఉంది: నోటీసు ఇచ్చాక మూడు నెలల్లో పెళ్లి జరగకపోతే ఆ నోటీసు చెల్లదు, కొత్తగా ఇవ్వాలి.