ఆకాశం నుంచి దించిన అపరిచితులు

సాయంకాలం బడంగ్‌పేట్‌లో మా డాబా మీద కూచుంటే శంషాబాదు కేసి దిగే విమానాలు కనిపిస్తాయి. మొన్న మా మనవడు, "తాతయ్యా, విమానాలకి పైన ఇంకేమీ ఉండదా?" అన్నాడు. ఉంటాయిరా, సూక్ష్మజీవులు అన్నాను. వాడు నమ్మలేదు. వాణ్ణి అనుకోవడమెందుకు, 2009 దాకా నేను మాత్రం నమ్మానా?

సంగతి మన ఊరిదే. 2005 ఏప్రిల్ 20న హైదరాబాదులోని టాటా పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రం నుంచి ఒక బెలూన్ లేచింది. జాతరలో అమ్మే బుడగ కాదు, 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగులది! దాని కింద 459 కిలోల సరంజామా. అందులో గాలి తీసేసి, క్రిమి అన్నది లేకుండా శుద్ధి చేసిన 16 స్టీలు గొట్టాలు, వాటిని ముంచెత్తుతూ 38 కిలోల ద్రవ నియాన్. మూత తెరుచుకోగానే బయటి గాలి లోపలికొచ్చి ఆ చలికి గడ్డకట్టి చిక్కుకుపోతుంది. అలా 20 నుంచి 41 కిలోమీటర్ల దాకా రకరకాల ఎత్తుల్లో గాలిని పట్టారు. మన విమానాలు ఎగిరేది పది, పన్నెండు కిలోమీటర్లే మరి.

ఈ ప్రయోగానికి పెద్ద, ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్. జీవం భూమ్మీద పుట్టలేదు, అంతరిక్షం నుంచి వచ్చిపడిందని వాదించిన ఫ్రెడ్ హాయిల్ ఆయనకు గురువు.

గాలి పట్టడం ఒక ఎత్తు, అందులో ఏముందో తేల్చడం ఒక ఎత్తు. ఆ పని ఇక్కడ సీసీఎంబీలో శివాజీగారూ, పుణెలో యోగేష్ శౌచేగారూ ఎవరికి వారుగా చేశారు. సూక్ష్మజీవి ఒంటిగా ఉంటే కంటికి ఆనదు. అగర్ పోసిన పళ్లెం మీద పలచగా పరిస్తే ఒక్కో కణం ఉన్నచోటే సంతానం పెంచుకుని చిన్న చుక్కై కూచుంటుంది. గుబురుగా ఉన్న నారు పీకి, ఎడంగా నాటినట్టన్నమాట. అగర్ అంటే మరేం కాదు, మన ఆడవాళ్లు తీపి వంటల్లో వేసే చైనా గ్రాసే. 1881లో ఫానీ హెస్సే అనే ఇల్లాలు తన వంటింటి రహస్యం భర్తకు చెబితే, అది ఆయన పనిచేస్తున్న రాబర్ట్ కాక్ ప్రయోగశాలకు చేరింది. ఆ వంటింటి బాకీ శాస్త్రం ఇంకా తీర్చలేదని నా అభిప్రాయం.

పళ్లేల్లో 12 బాక్టీరియా చుక్కలు, 6 బూజు చుక్కలు తేలాయి. వాటి జన్యువుల్లో 16ఎస్ అనే భాగాన్ని చదివి, వేలిముద్రలు పోల్చినట్టు పోల్చారు. తొమ్మిదింటికి భూమ్మీద తెలిసిన జాతులతో 98 శాతానికి మించి పోలిక. మూడు మాత్రం ఎవరూ ఎరగనివి! పైగా అతినీలలోహిత కిరణాలకు తట్టుకోవడంలో దగ్గరి చుట్టాల కంటే మొండివి. 2009లో వాటికి నామకరణం జరిగింది. 2001లో కన్నుమూసిన హాయిల్ పేర జానిబాక్టర్ హాయ్‌లీ, ఇస్రో పేర బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, ఆర్యభటుడి పేర బాసిల్లస్ ఆర్యభట్టై.

అయితే ఇవి పైలోకపు జీవులేనా? ఇస్రో ఆ మాట అనలేదు. అంతరిక్షం నుంచి వచ్చాయని దీనితో రుజువు కాలేదని వాళ్లే చెప్పారు. నాకు నచ్చింది అదే. తరవాత చూస్తే, ఆర్యభట్టై ఎన్నో దేశాల పొలాల మట్టిలో, మొక్కల వేళ్ల దగ్గర దొరికింది. కింది నుంచే దుమ్ముతోపాటు పైకెక్కిందేమో!

ఇదంతా విని మావాడు తులసికోటలో మట్టి చిటికెడు తీశాడు.

"ఇందులో ఉందేమో చూద్దామా తాతయ్యా?"

"పళ్లెం కావాలిరా, అగర్ కావాలి..."

"చైనా గ్రాస్ నానమ్మ దగ్గరుందిగా!" అంటూ మెట్లు దిగిపోయాడు.